బియ్యానికి అమ్ముడుపోయిన తల్లి లేదు

క్రైస్తవ తల్లి గురించి మన నోళ్ళలో నానిపోయిన అభిప్రాయం ఒకటుంది. శంషాబాద్ బస్టాండు పక్క టీకొట్టులో వింటాం, యూనివర్సిటీ సెమినార్లలో వింటాం, ఆఖరికి ఆమె కడుపున పుట్టి ఉద్యోగాల్లో స్థిరపడిన పిల్లల నోటా వింటాం. ఖండించే ముందు దాన్ని బలం తగ్గించకుండా చెప్పడం న్యాయం.

ఆ అభిప్రాయం ఇది. వీళ్ళ తాతముత్తాతలు కరువు రోజుల్లో గంజికీ, ఆ తర్వాత గోధుమ రవ్వకీ పాలపొడికీ మతం పుచ్చుకున్నారు. ఇప్పటివాళ్ళు ఏదో ఒక లాభం చూసుకునే అందులో ఉంటున్నారు. ఆ తల్లికి దేవుడి గురించి సొంతంగా తెలిసింది తక్కువ, పాస్టరు ఏం చెబితే అదే వేదం. కూటాలకు తిరుగుతూ ఇల్లు పట్టించుకోదు, చేతికొచ్చిన నాలుగు రూపాయలూ కానుకల సంచిలో వేసి వస్తుంది. ఇంటికీ చర్చికీ మధ్య తిరగడంతోనే ఆమె జీవితం అయిపోయింది, తనకంటూ ఒక బతుకు లేదు.

కోపంతో అనేవాళ్ళున్నారు, జాలితో అనేవాళ్ళూ ఉన్నారు. జాలిపడేవాళ్ళతోనే నాకు పేచీ ఎక్కువ. కోపంగా అనేవాడు ఆమెను కనీసం ఎదిరించవలసిన మనిషిగా చూస్తాడు. జాలిపడేవాడు ఆమెకు సొంత బుద్ధి ఉందనే ఒప్పుకోడు. ఒక్కొక్క ముక్కే విడదీసి చూద్దాం.

ఒకటి: "గంజికి మతం పుచ్చుకున్నారు"

ఈ మాటకు పుట్టిల్లు 1876–78 నాటి మహాకరువు. 1878 జూలై 3న ఒక్కరోజే 2,222 మంది ఒంగోలుకు ఉత్తరాన గుండ్లకమ్మ ఏట్లో బాప్తిస్మం పొందారు. అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ ఆధ్వర్యంలో జరిగిన సంగతి ఇది. ముందు కరువు, వెనకే వేల బాప్తిస్మాలు. రెంటినీ పక్కపక్కన పెట్టి చూపిస్తే ఎవరికైనా లెక్క సరిపోయినట్టే ఉంటుంది.

ఆ రెంటి మధ్య జరిగింది మాత్రం చెప్పరు. కరువులో క్లౌ బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కొన్ని మైళ్ళ పని కాంట్రాక్టుకు తీసుకుని వేలమందికి కూలి చూపించాడు. కూలి ఇచ్చాడు కానీ బాప్తిస్మం ఇవ్వలేదు. తిండి కోసం వస్తున్నారేమోనన్న అనుమానం అందరికంటే ముందు ఆయనకే కలిగింది. అడిగినవాళ్ళను ఏడాదికి పైగా ఆపి ఉంచాడు. సహాయం పనులు ముగిసి, మిషన్ దగ్గర పంచడానికి ఇంకేమీ లేదని చెప్పాకే ఒప్పుకున్నాడు. జనం అప్పుడు వచ్చారు. పెట్టే చెయ్యి ఖాళీ అయ్యాక వచ్చినవాళ్ళను తిండికి వచ్చారనడం ఏం తర్కం?

పైగా ఆ కథ కరువుతో మొదలు కాలేదు. అంతకు పదేళ్ళ ముందు, 1866లో, తోళ్ళ వ్యాపారం చేసే ఎర్రగుంట్ల పేరయ్య, ఆయన భార్య నాగమ్మ బాప్తిస్మం తీసుకున్నారు. ఒంగోలు సీమలో మాదిగల మధ్య ఈ విశ్వాసం పాకింది ఆ ఇంటినుంచే. అప్పటికి ఈ మహాకరువు రానే లేదు. గంజికి అమ్ముడుపోయారనే వాళ్ళు నాగమ్మకు ఏం ధర కట్టారో చెప్పాలి.

కరువులో ఆదుకున్న మనిషి మీద నమ్మకం కలగలేదా అంటే, కలిగింది. ఊరి బావి ముట్టనివ్వనివాళ్ళ మధ్య బతికినవాళ్ళకు, పక్కన కూర్చుని మాట్లాడిన మనిషి ఏ దేవుణ్ణి నమ్ముతున్నాడో తెలుసుకోవాలనిపించింది. దాన్ని కొనుగోలు అనేవాళ్ళు కృతజ్ఞతకూ బేరానికీ తేడా చెరిపేస్తున్నారు.

ఇక మన శంషాబాద్ సంగతి. రష్యా మెన్నొనైటు బ్రదరెన్ మిషనరీలు 1889లో వచ్చి నల్గొండలో, అమెరికా నుంచి వచ్చినవాళ్ళు 1899లో హైదరాబాద్‌లో పని మొదలుపెట్టారు. ఆ మిషన్ తర్వాత శంషాబాద్‌లో కూడా కేంద్రం పెట్టింది. దాని బైబిలు కళాశాల ఇప్పటికీ ఇక్కడే ఉంది. 1907లో ఈ దేశానికి వచ్చిన డాక్టర్ కాథరీనా షెల్లెన్‌బర్గ్ చివరి సంవత్సరాల్లో శంషాబాద్ ఆసుపత్రిలోనే వైద్యం చేసి 1945లో కన్నుమూశారు. ఆ ఆసుపత్రి మెట్లు ఎక్కినవాళ్ళలో అన్ని కులాలవాళ్ళూ, అన్ని మతాలవాళ్ళూ ఉన్నారు. మందు తీసుకున్నవాళ్ళంతా మతం తీసుకోలేదు. ఒకే మందు, ఒకే మంచం, ఒకే డాక్టరమ్మ. కొందరు నమ్మారు, ఎక్కువమంది నయమయ్యాక ఇంటికి వెళ్ళిపోయారు. అందరికీ ఒకేలా అందిన సహాయం కొందరి విశ్వాసానికి మాత్రమే కారణమెలా అవుతుంది? నమ్మినవాళ్ళలో సహాయం కాక ఇంకేదో పనిచేసింది. ఆ ఇంకేదో ఏమిటని ఆ తల్లిని అడిగిన పాపాన ఎవరూ పోలేదు.

అసలు బియ్యం ఎటునుంచి ఎటు వెళ్ళిందో చూడండి. మన పల్లె సంఘాల్లో పిడికెడు బియ్యం అనే అలవాటుంది. ఎసట్లోకి బియ్యం కొలుచుకుని, కడగబోయే ముందు తల్లి ఒక గుప్పెడు తీసి పక్కనున్న డబ్బాలో వేస్తుంది. వండే బియ్యం సోలెడైనా, తవ్వెడైనా గుప్పెడు తప్పదు. ఇంట్లో పిల్లలకు చాలీచాలని రోజు ఆ గుప్పెడు చిన్నదవుతుందేమో కానీ డబ్బా మూత తియ్యకుండా ఉండదు. ఆదివారం ఆ బియ్యం సంచిలో పోసుకుని చర్చికి తెస్తుంది. అందరి బియ్యం ఒకచోట పోసి, కొలిచి, సంఘంలోనే అమ్ముతారు. కోతకాల పండుగకు గుమ్మడికాయలూ, కోడిపుంజులూ, కోడిగుడ్లూ తెచ్చి వేలం వేస్తారు. పాస్టరు జీతంలో, చర్చి పైకప్పు రేకుల్లో, బడి పంతులు బత్తెంలో ఆ డబ్బుంది. మిజోరంలో ఇదే అలవాటు గత శతాబ్దం మొదట్లో మొదలై అక్కడి సంఘాన్ని తన కాళ్ళ మీద నిలబెట్టింది. దాన్ని దేశమంతా మెచ్చుకుంటుంది, మన తల్లుల డబ్బాను మాత్రం ఎవరూ లెక్కలోకి తీసుకోరు. విదేశీ డబ్బు ఆగిపోయిన చోట్ల కూడా సంఘాలు మూతపడకపోవడానికి ఈ గుప్పెడే కారణం. ఒకనాడు ఆమె ముత్తవ్వ తాగిన గంజి సంగతి నూటయాభై ఏళ్ళుగా చెప్పుకుంటున్నవాళ్ళు, ఆనాటినుంచీ ఆమె ఇంటినుంచి బయటికి వెళ్ళిన బియ్యాన్ని ఒక్కసారైనా కొలిచారా?

రెండు: "లాభం చూసుకునే ఉంటున్నారు"

లాభమేమిటో ఎవరూ చెప్పరు. నష్టమేమిటో మాత్రం ప్రభుత్వ ఉత్తర్వే చెబుతుంది. 1950 నాటి షెడ్యూల్డ్ కులాల ఉత్తర్వు ఎస్సీ హోదాను మొదట హిందువులకు పరిమితం చేసింది. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు వర్తింపజేశారు. క్రైస్తవులకూ ముస్లింలకూ ఇవ్వలేదు. ఎస్సీల నుంచి క్రైస్తవంలోకి వచ్చినవాళ్ళను మన రెండు రాష్ట్రాల్లో బీసీ-సీ గ్రూపులో పెట్టారు. దాని వాటా 1 శాతం. తన విశ్వాసాన్ని కాగితం మీద ఒప్పుకున్న తల్లి బిడ్డలకు ఎస్సీ సీటు పోతుంది, ఎస్సీ ఉద్యోగం పోతుంది, అత్యాచారాల నిరోధక చట్టం రక్షణ పోతుంది. లాభం చూసుకునే మనిషి చేసే బేరం ఇలా ఉండదు.

దీనికి అవతలివాళ్ళ దగ్గర ఒక జవాబుంది, అది తేలిగ్గా తీసెయ్యదగ్గది కాదు. "అందుకేగా సర్టిఫికెట్లో హిందువని రాయించుకుని ఆదివారం చర్చికి పోయేది, ఇది రెండువైపులా తినడం కాదా?" అంటారు. నిజమే, చాలా ఇళ్ళలో రెండు పేర్లున్నాయి. ఇంట్లో మరియమ్మ, రేషను కార్డులో లక్ష్మమ్మ. జనాభా లెక్కలూ ఆ సంగతే చెబుతున్నాయి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1971లో క్రైస్తవులు 4.19 శాతం, 2011లో 1.34 శాతం. ఊరూరా చర్చిలు కట్టుకుంటూ పోతుంటే కాగితం మీద క్రైస్తవులు తగ్గిపోయారు.

ఈ రెండు పేర్ల బతుకు ఆమె కోరి తెచ్చుకున్నది కాదు. బాప్తిస్మంతో ఆమె కులం పోలేదు. వాడ మారలేదు, శ్మశానం మారలేదు, పెళ్ళి సంబంధం వెతికే దిక్కు మారలేదు. చర్చిలో సైతం మాలల సంఘం వేరు, మాదిగల సంఘం వేరు అని విడిపోయిన ఊళ్ళున్నాయి. అది క్రైస్తవ సంఘం మీద మచ్చ, దాన్ని కప్పిపుచ్చను. ఊళ్ళో ఆమెను కులం పేరు పెట్టి తిట్టేవాడు ముందు ఏ దేవుడికి మొక్కుతావని అడిగి తిట్టడు. కులం వల్ల కలిగే బాధ అంతా అలాగే ఉంచి, ఆ బాధకు ఇచ్చే ఊరటను మాత్రం మతం చూసి తీసేస్తే, ఆమె ముందు మిగిలే దారులు రెండే. బిడ్డ చదువును వదులుకోవాలి, లేదా తన దేవుడి పేరు కాగితం మీద దాచుకోవాలి. ఒక తల్లిని ఇంత ఇరుకున పెట్టిన చట్టాన్ని వదిలేసి, ఆ ఇరుకులో ఆమె బిడ్డవైపు మొగ్గినందుకు ఆమెనే దొంగ అంటున్నాం. 2023 మార్చిలో ఆంధ్రప్రదేశ్ శాసనసభ దళిత క్రైస్తవులకు ఎస్సీ హోదా ఇవ్వాలని తీర్మానం చేసింది. అంతకు ముందు ఏడాదే కేంద్రం జస్టిస్ కె.జి. బాలకృష్ణన్ కమిషన్ వేసింది. ప్రశ్న ఇంకా తెగలేదు. తెగేదాకా ఆమెను మోసగత్తె అనే హక్కు ఎవరికీ లేదు.

మూడు: "పాస్టరు చెప్పిందే వేదం"

ఈ మాట అనేవాళ్ళు స్త్రీల సమాజం కూటంలో ఒక్క గంట కూర్చుని ఉండరు. అక్కడ వాక్యం చదివేది స్త్రీలు, చెప్పేది స్త్రీలు, సాక్ష్యం ఇచ్చేది స్త్రీలు. తెలుగు నేల మీద ఈ విశ్వాసాన్ని గడప లోపలికి తీసుకెళ్ళినవాళ్ళు బైబిలు స్త్రీలు. మిషనరీలు అడుగుపెట్టలేని ఇళ్ళలోకి, వంటింటి దాకా వెళ్ళి కూర్చుని కథలు చెప్పిందీ, పాటలు నేర్పిందీ, అక్షరాలు దిద్దించిందీ వాళ్ళే. వాళ్ళలో చాలామంది దళిత వితంతువులు, సంసారంలో దెబ్బతిన్నవాళ్ళు. బడి గుమ్మం చూడని తల్లులు ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం ముందు పెట్టుకుని, నోటికొచ్చిన పాటను అక్షరాలతో పోల్చుకుంటూ చదవడం నేర్చుకున్నారు. ఇప్పటికీ పల్లె సంఘంలో పాస్టరు వాక్యం తప్పు చెబితే, కూటం అయ్యాక "అయ్యగారూ, ఆ మాట ఆ అధ్యాయంలో లేదు కదా" అని నిలదీసే ముసలమ్మ ఒకరైనా ఉంటుంది. నచ్చని సంఘం విడిచి ఇంకో సంఘానికి ఇంటిల్లిపాదినీ నడిపించుకుపోయేదీ తల్లే. ఎక్కడ కూర్చోవాలో, ఎవరి మాట వినాలో తేల్చుకునే మనిషిని బుద్ధి లేనిదనడం చూడకుండా మాట్లాడటమే.

స్వస్థతల పేరుతో నూనె సీసాలు అమ్ముకునేవాళ్ళు లేరా? ఉన్నారు. తాగొచ్చి కొట్టే మొగుడి గురించి చెప్పుకుంటే "ప్రార్థన చెయ్యమ్మా, మారతాడు" అని పంపించేసే బోధకులు లేరా? వాళ్ళూ ఉన్నారు. వాళ్ళను గట్టిగా నిలదీయాల్సిందే. దెబ్బలు తిన్న స్త్రీకి ప్రార్థనతో పాటు పోలీసు స్టేషనూ, ఒక రాత్రి తల దాచుకునే చోటూ కావాలి. అది చెప్పని బోధ దేవుడి పేరుతో చేసే అన్యాయం. కానీ ఆ నేరం మోసం చేసినవాడిది. మోసపోయిన మనిషి విశ్వాసాన్ని బోనెక్కించడం ఏ న్యాయశాస్త్రం ప్రకారం? పైగా అలా దెబ్బలు తిన్న ఇంటికి మర్నాడు పొద్దున్నే వచ్చి, అరుగు మీద కూర్చుని, మొగుడు లేచేదాకా కదలకుండా ఉండే నలుగురు ఆడవాళ్ళు ఎక్కడివాళ్ళు? స్త్రీల సమాజం వాళ్ళే.

నాలుగు: "కూటాలకు తిరిగి ఇల్లు గుల్ల చేస్తుంది"

ముందు ఆమె రోజు ఎలా గడుస్తుందో చూడండి. 2008 మార్చిలో బేగంపేట విమానాలు మన శంషాబాద్‌కు వచ్చేశాయి. సుమారు 5,500 ఎకరాల్లో విమానాశ్రయం లేచింది. పొలం కూలికి పోయే తల్లుల పని పోయింది. వాళ్ళు, వాళ్ళ కోడళ్ళు, కూతుళ్ళు హౌస్‌కీపింగులో, క్యాంటీన్లలో, కార్గో గోదాముల్లో కాంట్రాక్టు కింద చేరారు. విమానాశ్రయానికి పగలూ రాత్రీ లేదు. రాత్రి షిఫ్టు దిగి, ఆటో ఎక్కి, ఇల్లు చేరి, పిల్లలకు టిఫిను కట్టి, కాసేపు నడుం వాల్చి, శుక్రవారమైతే ఉపవాస ప్రార్థనకు వెళ్తుంది. వారం మొత్తంలో చర్చికిచ్చే సమయం ఒక ఆదివారం పూటా, ఇంకొన్ని గంటలూ. అదే వారంలో బెల్టు షాపు దగ్గర గడిచే మగవాళ్ళ గంటలను ఇల్లు గుల్ల చేసేవని ఇంత గట్టిగా ఎవరూ లెక్కపెట్టరు.

ఆ కొన్ని గంటల్లో ఆమెకు దొరికేదేమిటో తెలియకుండా దుబారా అని తీర్పు చెప్పేశారు. పాలమూరు నుంచో, శ్రీకాకుళం నుంచో పొట్ట చేతపట్టుకుని వచ్చి అద్దె గదిలో ఉంటున్న మనిషికి ఈ ఊళ్ళో చుట్టాలు లేరు. ఆమెకు నొప్పులొస్తే ఆసుపత్రికి వెంట వచ్చేది సంఘంలోని అక్క. రాత్రి షిఫ్టుకు వెళ్తే పిల్లల్ని తన ఇంట్లో పడుకోబెట్టుకునేది వదిన. చావు జరిగితే పొయ్యి వెలిగించేదీ, పెట్టెకు చందా ఎత్తేదీ, మూడోనాడు వచ్చి కూర్చునేదీ వాళ్ళే. కానుకగా వేసిన ఇరవై రూపాయలను చూసి లెక్కగట్టేవాళ్ళు ఈ పక్క జమ అయినదాన్ని వదిలేస్తే అది సగం చూసిన ఖాతా.

రాత్రిపూట గల్ఫ్ విమానాల వేళ డిపార్చర్ గేటు బయట నిలబడి చూస్తే ఈ తల్లి కనబడుతుంది. టికెట్టూ పాస్‌పోర్టూ చూసే జవాను దగ్గరికి పోకముందే కొడుకును పక్కకు లాగుతుంది. చుట్టూ తోపుడు బండ్లు, హారన్లు, ఏడుపులు. వాడి నెత్తిన చెయ్యి పెట్టి కళ్ళు మూసుకుంటుంది. పెదాలు ఆగకుండా కదులుతాయి. ఆమేన్ అన్న వెంటనే, కళ్ళు పూర్తిగా తెరవకముందే, "బిడ్డా, పాస్‌పోర్టు ఏ జేబుల పెట్టినవ్? ఏజెంటు నంబరు రాసుకున్నవా?" అని అడుగుతుంది. ప్రార్థనలో పడి ఇల్లు మరిచిందన్నవాళ్ళు ఆ రెండు మాటలూ ఒకే ఊపిరిలో రావడం వినాలి. ఆ వీసాకు చేసిన అప్పు ఎంతో, నెలకు వడ్డీ ఎంతో, మొదటి జీతం ఎప్పుడు పడుతుందో ఇంట్లో అందరికంటే ఆమెకే తెలుసు.

ఐదు: "తనకంటూ ఒక బతుకు లేదు"

ఈ చివరి ముక్క బయటివాళ్ళదే కాదు. సంఘం లోపల కూడా ఇదే మాట పొగడ్త వేషంలో తిరుగుతుంది. తల్లి చనిపోయిన రోజు ప్రసంగం వినండి. నోరెత్తని ఇల్లాలు, భర్తకు లోబడినది, పిల్లల కోసమే బతికింది, చర్చిని విడవలేదు, ఇంతే. వంద సమాధులకు ఒకే ప్రసంగం. జాలిపడే విమర్శకుడూ, పొగిడే బోధకుడూ ఒకే బొమ్మ గీస్తున్నారు: తనంతట తాను ఏమీ చెయ్యని స్త్రీ.

ఆ ప్రసంగానికి ఆధారంగా చదివే సామెతలు 31వ అధ్యాయాన్నే పూర్తిగా చదవమనండి. అందులోని స్త్రీ పొలాన్ని చూసి కొంటుంది, ద్రాక్షతోట వేయిస్తుంది, బట్టలు నేయించి వర్తకులకు అమ్ముతుంది, పనివాళ్ళను నడిపిస్తుంది, బీదవాళ్ళకు చెయ్యి చాపుతుంది. నోరు తెరిచి జ్ఞానంగా మాట్లాడుతుంది. మన పల్లె తల్లి చేసింది సరిగ్గా ఇదే. కోళ్ళు పెంచి అమ్మి కూతురి నర్సింగు ఫీజు కట్టింది, డ్వాక్రా గ్రూపులో అప్పు తెచ్చి తీర్చింది, సంఘానికి స్థలం కొనేటప్పుడు చెవికమ్మలు తీసి ఇచ్చింది. ఆమె ఎంచుకున్న బతుకు కుటుంబమూ సంఘమూ అయితే అది ఎంపిక కాకుండా పోదు. పార్టీకి జీవితం ఇచ్చినవాణ్ణి త్యాగశీలి అంటాం, సంగీతానికి ఇచ్చినవాణ్ణి తపస్వి అంటాం. చర్చికి ఇచ్చిన ఆడమనిషికి మాత్రం సొంత బతుకు లేదంటాం. ఈ తేడాకు కారణం ఆమె చేసిన పనిలో లేదు, ఆమె ఎవరన్న దాంట్లో ఉంది: ఆడది, దళితురాలు, క్రైస్తవురాలు.

మరుపు ఎంత దూరం పాకిందో చూడండి. 1932లో శంషాబాద్‌లో మిషనరీ దంపతులకు పుట్టిన పాల్ హీబర్ట్ పేరు ప్రపంచంలోని మానవశాస్త్ర విద్యార్థులకు తెలుసు. 2017లో సీరో మలబార్ సంఘం శంషాబాద్ పేరు మీద మేత్రాసనం ఏర్పాటు చేసింది, బిషప్పుల పేర్లు నమోదయ్యాయి. అదే ఊళ్ళో ఇంటింటికీ నడిచిన బైబిలు స్త్రీల పేర్లు చెప్పమంటే చెప్పేవాళ్ళు వేళ్ళమీద లెక్కపెట్టేంతమంది లేరు. మహాకవి జాషువాను కన్న లింగమ్మ గురించి మనకు తెలిసింది ఎంత? కల్యాణరావు 'అంటరాని వసంతం'లో తరాల కథంతా రూతు జ్ఞాపకాల్లోంచి రావడం నాకు ఆ నవలలో అన్నిటికంటే గొప్పగా అనిపించే సంగతి. సాహిత్యం ఆమెను జ్ఞాపకం ఉన్న మనిషిగా గుర్తించింది. చర్చి రిజిస్టర్లు ఇంకా గుర్తించలేదు, అక్కడ ఆమె ఫలానావారి భార్య.

దక్షిణ ఇండియా సంఘం 2013లో నంద్యాల అధ్యక్ష మండలానికి ఇ. పుష్పలలితను బిషప్పుగా అభిషేకించింది. ఆ సంఘంలో ఆ పీఠమెక్కిన మొదటి స్త్రీ మన తెలుగు బిడ్డే. అది సాధ్యమైన చోట మిగతా సంఘాలు చెప్పే సాకులు చెల్లవు. సంఘ కమిటీలో కూర్చునేది మగవాళ్ళు, ఆడిటు లెక్క చదివేది మగవాళ్ళు, ఆస్తి తగాదాల్లో కోర్టుకెక్కి సంఘాన్ని చీల్చేదీ మగవాళ్ళే. రేకులకు డబ్బు తెచ్చినవాళ్ళు మాత్రం చాప మీద వెనక వరసలో కూర్చున్నారు. ప్రతి సంఘం తన రిజిస్టరులో ఆమె పేరును ఆమె సొంత పేరుతో రాయాలి, ఏ సంవత్సరం బాప్తిస్మం తీసుకుందో, ఏ పని నడిపిందో రాయాలి. బతికున్న ముసలమ్మలను కూర్చోబెట్టి వాళ్ళ మాటలు ఫోన్లలోనైనా రికార్డు చెయ్యాలి. ఖజానా తాళాలు స్త్రీల సమాజం చేతికివ్వాలి, కమిటీలో సగం స్థానాలు వాళ్ళవి కావాలి. ఇవి చెయ్యని సంఘానికి మదర్స్ డే నాడు ఆమెను వేదిక మీదికి పిలిచి శాలువా కప్పే అర్హత లేదు.